శనివారం నూనె

స్ప్రింగు ఎగిరిపోయింది. వేళ్ళ మధ్యనుంచి జారడం తెలిసింది, చెవి పక్కనుంచి సుయ్యిమని పోవడమూ తెలిసింది, ఎక్కడ పడిందో మాత్రం తెలియలేదు. పడితే పడింది, కాస్త చప్పుడైనా చెయ్యకూడదూ? చెంచా జారిపడితే వీధి మలుపుదాకా వినిపించే ఇల్లు ఇది. సీతారత్నం గ్రీజు అంటిన రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతూ, వసారాలో పరిచిన మేత సంచి అంచు మోచేత్తో ఎత్తి చూసింది, మంచం కోడు వెనక చూసింది, చెప్పుల్లో చూసింది. లేదు. వెతికినప్పుడు కనిపిస్తే ఇంకేం. పొద్దున్నించీ ఇదే వరస, ఒక మర విప్పితే రెండు ముక్కలు ఊడతాయి, రెండూ బిగిస్తే ఇంకోటి మిగులుతుంది. కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది, ఫోనులో వీడియో గుండ్రంగా సున్నా చుట్టుకుంటూ నిలబడిపోయింది, ఆ సున్నాని చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది, ఈ ఇంట్లో సరిగ్గా తిరిగేది అదొక్కటే అయినట్టు. అసలు ఆ వీడియోవాడు విప్పమన్నాడని ఈ తీగ పట్టీని విప్పడమెందుకు, స్ప్రింగుని లేపడమెందుకు, వాడికేం, వాడి ముక్కలు ఇనుముని పట్టుకునే పళ్ళెంలో కూర్చుంటాయి, వాడికి ఏసీ ఉంది, వాడిని ఎక్కించుకోవడానికి ఏలూరు నుంచి కారు బయల్దేరలేదు. గడియారం వైపు చూడకూడదనుకుంది. చూసింది. మూడు దాటింది. నాలుగింటికి జాకబ్ గారు వచ్చేస్తారు.

ముందున్నది సముద్రంలో గాలం వేసే రీలు. రీలు అనడానికి ఇప్పుడది లేదు, దాని ముక్కలున్నాయి. ఇడ్లీ రేకులు తెచ్చి, విప్పిన వరసలో ఒక్కో గుంటలో ఒక్కో ముక్క పెట్టుకుంటూ వచ్చింది. ఒక గుంటలో పైన బిగించే మర, పక్క గుంటలో దాని కింద ఉండే పల్చటి బిళ్ళలు, ఆ పక్కన హ్యాండిలు తాలూకు మేకు, దారం చుట్టిన స్పూలు మాత్రం పట్టక చెంబు మీద బోర్లించింది. తిరిగి పెట్టేటప్పుడు చివరి గుంట నుంచి మొదటి గుంటకి వస్తే సరిపోతుంది. ఈ తెలివి ఆ వీడియోవాడికి లేదు. ఉంటే మాత్రం ఏం లాభం, ఇప్పుడు ఒక గుంట ఖాళీ, రేపు ఇడ్లీ కావాలంటే ఈ రేకుల్ని చింతపండేసి తోముకోవాలి, అయినా అత్తగారు ముక్కు ఎగబీల్చి ఏంటే ఇది, ఇంజను వాసన అంటుంది. అనుకోనీ.

ఈ రీలు చలపతిరావుది. సీతారత్నం భర్తది. ఆయన పోయి ఏడాది దాటింది, సంవత్సరీకం కూడా అయిపోయింది. బతికినన్నాళ్ళూ కలిదిండిలో అందరూ ఆయన్ని చూసి నవ్వుకునేవాళ్ళు, సొంత చెరువులుండి, పట్టుబడి నాడు లారీలకి లారీలు చేప ఎగుమతి చేసే మనిషి, శనివారం వచ్చిందంటే ఒకే ఒక్క చేప కోసం పేరుపాలెం పోయి నడుంలోతు నీళ్ళలో నిలబడతాడేంటని. చెరువు చేప మనం వేసిన మేత తిని, మనం రమ్మన్నప్పుడు వస్తుంది, సముద్రం చేప మనల్ని లెక్కచెయ్యదు, వస్తే దాని ఇష్టం, లేకపోతే లేదు అనేవారు ఆయన. అదేదో గొప్ప సంగతి అయినట్టు. లెక్కచెయ్యని మనుషుల కోసం సముద్రం దాకా పోవాలా, ఇంట్లో వెతికితే దొరకరూ? అన్నం వడ్డించి పిలిస్తే వచ్చి కూర్చున్నారా ఏనాడైనా. ఆ రీలు పని పట్టుకుంటే కూర చల్లారి గడ్డ కట్టేది. ఆ జాకబ్ గారూ అలాంటివారే. ఏలూరు స్టేషనులో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి, ఆదివారం చర్చిలో మొదటి బల్ల మీద ఉండాలి కాబట్టి శనివారం సాయంత్రం పోటుకి వేట ముగించి, రాత్రికి ఇల్లు చేరేవారు. ఇద్దరికీ కలిసి ఒక నియమం. చూడ్డానికొచ్చేవాళ్ళకి కారులో చోటు లేదు. వస్తే కర్ర ఉండాలి, రీలు ఉండాలి, రీలు తిరగాలి. లేదంటే ఇంట్లో ఉండాలి.

ఆ నియమం ఎవరి వల్ల పుట్టిందో సీతారత్నానికి తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి తీసుకెళ్ళారు. గొడుగు పాతి, దాని కింద టిఫిను క్యారియరు పక్కన కూర్చోబెట్టి, ఇద్దరూ నీళ్ళలోకి పోయారు. మళ్ళీ వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు. ఇసక కాలుతోంది, గాలికి గొడుగు తిరగబడుతోంది, కుక్క ఒకటి వచ్చి పులిహోర వాసన చూస్తూ ఎదురుగా కూర్చుంది, ఆ కుక్కా ఆమే ఒకరినొకరు చూసుకుంటూ మధ్యాహ్నమంతా గడిపారు. ఇంటికొచ్చాక తలనొప్పిగా ఉందండీ అంది. అంతే, అంత చిన్న మాటకి నియమం పుట్టేసింది. ఆమె అడిగింది నీడ కాదు కదా. నాకూ ఒక కర్ర ఇవ్వండి అని అడగడం అప్పుడు తెలియలేదు, తెలిసేసరికి అడిగే వయసు కాదనిపించింది. జాకబ్ గారి భార్య జాయ్సీకి మాత్రం కారులో ఎప్పుడూ చోటుంది, ఆవిడకి సొంత రీలుంది. పోయినేడు పండుగప్ప చేప పట్టి, దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని దిగిన ఫొటో పంపించింది. నవ్వుతున్న పళ్ళన్నీ కనిపిస్తున్నాయి. ఆ ఫొటోని సీతారత్నం ఫోనులోంచి తీసెయ్యాలని చాలాసార్లు అనుకుంది. తీసెయ్యలేదు.

మొన్న తనే జాకబ్ గారికి ఫోను చేసింది. నేనూ వస్తానండీ అన్నయ్యగారూ అంది.  వచ్చే వారం ఆయనకి మోకాలి ఆపరేషను, ఆ తరవాత వేసవి దాకా నీళ్ళలో దిగడం లేదు, ఈ శనివారమే ఆఖరు. నలభై ఏళ్ళ స్నేహితుడి భార్య, కాదనలేరు, అవుననడానికి నియమం అడ్డం. చివరికి, "రీలు తిరుగుతోందా, చెల్లెమ్మా?" అన్నారు. "ఎందుకు తిరగదండీ, బ్రహ్మాండంగా తిరుగుతోంది" అంది. అబద్ధం కాదు. ముందుకీ తిరుగుతోంది, వెనక్కీ తిరుగుతోంది. అదే కదా రోగం. రీలు హ్యాండిలు ముందుకే తిరగాలి, వెనక్కి తిప్పితే రాయిలా ఆగిపోవాలి, ఆగకపోతే చేప లాగిన లాగుడికి హ్యాండిలు గిర్రున వెనక్కి తిరిగి దారమంతా చిక్కుపడిపోతుంది. ఆ సంగతి చెరువు గట్టు మీద తెలిసింది. రోజూ పొద్దున్నే వెళ్ళి, దారం చివర సీసం గుండు కట్టి విసరడం నేర్చుకుంటోంది. మొదట గుండు వెనక్కి పోయి, చెరువు నీళ్ళు చిలికే ఏరియేటరు మోటారుకి తగిలేది, తరవాత తరవాత ముందుకు పోవడం మొదలెట్టింది. కావలి ఏసుకుమార్ దూరంగా నిలబడి చూసి చూసి, "అమ్మగారూ, చేప కావాలంటే చెప్పండి, వల వేయిస్తాను కదండీ" అనేవాడు. "నీ వల నాకెందుకయ్యా, నువ్వు తప్పుకో, గుండు తగుల్తుంది" అనేది. ఒకరోజు గాలానికి తౌడు ముద్ద పెట్టి విసిరింది. బొచ్చె చేప అందుకుంది, మామూలు బొచ్చె కాదు, ఏ పట్టుబడిలోనూ వలకి దొరక్కుండా తప్పించుకుని ముదిరినది, ఒక్క లాగు లాగేసరికి హ్యాండిలు వెనక్కి తిరిగి వేళ్ళ కణుపుల మీద టపటపా కొట్టింది. బడిలో చదువుకోలేదు గానీ, చదివితే పంతులు ఇలాగే కొట్టేవాడేమో. దారం గూడు కట్టేసింది, చేప పోయింది, ఏసుకుమార్ నవ్వు ఆపుకోవడానికి వెనక్కి తిరిగాడు. వేళ్ళు వాచిపోయి నాలుగు రోజులు అన్నం ముద్ద కలపలేకపోయింది.

ఫోను మోగింది. కరెంటు లేనప్పుడు వీడియో రాదు గానీ ఫోను మాత్రం వస్తుంది. కూతురు పింకీ, తాడేపల్లిగూడెం నుంచి. చిటికెన వేలితో నొక్కి, స్పీకరు పెట్టింది.

"అమ్మా, నాన్న రీలు విప్పేశావంట. నాయనమ్మ చెప్పింది."

"మీ నాయనమ్మకి ఎదురుగా ఉన్న మంచినీళ్ళ చెంబు కనబడదు గానీ, నేను చేసేవన్నీ కనబడతాయి."

"దాన్ని అద్దాల పెట్టెలో పెట్టిస్తానని చెప్పాను కదా, నాన్న ఫొటో పక్కన బాగుంటుందని. ఎందుకు కదిపావు?"

"మీ నాన్న అద్దం వెనకున్నారు, చాలదా? ఇదెందుకు?"

"పాడైపోతే మళ్ళీ దొరకదమ్మా. నీ మోకాళ్ళకి సముద్రమేంటి అసలు?"

"జాకబ్ గారి మోకాళ్ళ కంటే నా మోకాళ్ళు నయం. పెట్టెయ్, పని ఉంది."

పెట్టేసింది. అద్దాల పెట్టెట. ఉప్పు తిన్న వస్తువు కూర్చుంటేనే పాడవుతుంది, తిరిగితే పాడవదు, ఈ మాట ఆయనదే. ఆయన మాట కూతురికి తెలియదు, ఫొటో తెలుసు. ఈ వసారాలోనే, ఇలాగే మేత సంచి పరుచుకుని రీలుతో మాట్లాడేవారు ఆయన. ఆమెతో కాదు, రీలుతో. వంటింట్లో వంకాయలు తరుగుతూ వినేది. ముందు మర బిగించుకో, అనేవారు, స్నానానికి ముందు నోరు మూసుకోవాలి, లోపలికి నీళ్ళు పోతాయి. అప్పుడు కుళాయి సన్నగా వదిలి, ధార కొట్టకుండా, చంటిపిల్లకి పోసినట్టు పైనుంచి పోసేవారు. గట్టిగా పోస్తే ఉప్పు బయటికి రాదు, ఇంకా లోపలికి దూరుతుంది అనేవారు. తరవాత పాత పంచె గుడ్డతో తుడిచి, మర వదులు చేసి, ఇక ఊపిరి పీల్చుకో అని నీడలో ఆరబెట్టేవారు. ఆ పక్కనే ఆయన కాళ్ళు, ఇసకా ఉప్పూ మోకాళ్ళ దాకా, ఆ కాళ్ళతోనే ఇల్లంతా తిరిగి, ఆ కాళ్ళతోనే ఉతికిన దుప్పటి మీదెక్కి పడుకునేవారు. రీలుకి జరిగిన స్నానంలో సగం తనకి చేసుకున్నా బాగుండేది. సీతారత్నానికి టైఫాయిడ్ వచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ వేసి, అది ఆరిందో లేదో చూసిన పాపాన పోలేదు. అలా అని రాత్రంతా పక్కన కుర్చీలో కూర్చునే ఉన్నారు, నిద్రపోతూ. అలాంటి మనిషి. ఏమని తిట్టాలో తెలియని మనిషి. తిట్టడానికి ఇప్పుడు లేరు కూడా, అదొకటి. పోయేముందు రాత్రి బాగానే తిన్నారు, తెల్లారకముందు గుండె పట్టుకున్నారు, ఏలూరు తీసుకెళ్ళేసరికి అయిపోయింది, కొల్లేరు వంతెన మీద మంచు, డ్రైవరు లైట్లు వేసుకుని మెల్లగా పోనిచ్చాడు, సీతారత్నం తొందరగా పోనీ బాబూ అంటుంటే ఆయనే వద్దని చెయ్యి ఊపారు. చివరి పని కూడా ఆమె మాట కాదనడమే.

గేరుకి గ్రీజు. బేరింగులకి నూనె, సూది మొనతో ఒక్క బొట్టు. వన్‌వేకి ఏమీ వద్దు, దానికి ఆకలుండదు. ఇదీ ఆయన పాఠం, వంకాయల మీదుగా విన్నది. వన్‌వే అంటే హ్యాండిలుని వెనక్కి పోనివ్వని బేరింగు, లోపల చుట్టూ సన్నటి ఇనప కడ్డీలుంటాయి, అవి పొడిగా ఉండి గొట్టాన్ని పట్టుకుంటే రీలు ఆగుతుంది, జిడ్డయితే జారుతుంది. అంటే రోగం అక్కడే. అక్కడికి చేరాలంటే పైన తిరిగే గిన్నెలాంటి భాగం ఊడిరావాలి. దాని నట్టు ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. ఏరియేటరు పెట్టెలోంచి స్పానరు తెచ్చింది, పెద్దదైంది. ఇంకోటి తెచ్చింది, చిన్నదైంది. ఈ కొలతలు పెట్టేవాళ్ళకి సంసారాలుండవా? చివరికి పెద్ద స్పానరులో గుడ్డ పీలిక దూర్చి, పళ్ళు బిగబట్టి తిప్పింది. కదల్లేదు. మళ్ళీ తిప్పింది. నీ అమ్మ కడుపు మాడ, అంది పైకే, అని నాలిక కరుచుకుంది, రీలు వాళ్ళమ్మ లోపల మంచం మీదే ఉన్నట్టు. నట్టు కిర్రుమని కదిలింది. తిడితే గానీ కదలని వస్తువులు కొన్ని ఉంటాయి.

గిన్నె ఊడింది. మూత మరలు విప్పింది. వన్‌వేని గోటితో పైకి తీసేసరికి, లోపలనుంచి పసుపుపచ్చగా, చిక్కగా, చలికాలం సీసా అడుగున పేరుకున్నట్టు నూనె వచ్చింది. కడ్డీలన్నీ అందులో ఈదుతున్నాయి. ఇదెక్కడి నూనె, ఆయన వేసే కుట్టుమిషను నూనె తెల్లగా నీళ్ళలా ఉంటుంది కదా అనుకుంటూ ముక్కు దగ్గర పెట్టుకుంది.

మెంతులు. గుంటగలగర ఆకు. మాడీ మాడకుండా కాచిన కొబ్బరి నూనె. ఆయన తల.

ఒక్క క్షణం వసారా లేదు, కారు లేదు. ఆయన పోయాక పదో రోజున ఎవరో చుట్టాలావిడ సాయం చేస్తానని తలగడ గలీబులన్నీ వేడినీళ్ళలో నానేసి ఉతికేసింది, ఆరేసిన వాటిని ఒక్కొక్కటీ తీసి ముక్కుకి పెట్టుకుని చూసింది సీతారత్నం, సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు, అవి ఇంకా తెల్లబడలేదని ఆవిడ బాధపడుతోంటే మడత పెట్టి లోపల పెట్టేసింది. ఏడాదిగా ఇంట్లో ఎక్కడా దొరకని వాసన. దువ్వెనలో దొరకలేదు, ఆయన బట్టల బీరువాలో దొరకలేదు, ఇదిగో, ఇక్కడ, ఇనప కడ్డీల మధ్య దాక్కుని కూర్చుంది. ఇంకోసారి వాసన చూసింది. ఇంకోసారి. సమయం లేదు తల్లీ, అనుకుంది, లే. లేవలేదు. అప్పుడు కోపం వచ్చింది. ఈ నూనె దీనిలోకి తనంతట తను నడిచి రాలేదు కదా.

"అత్తయ్యగారూ!"

"ఆ."

"ఈ రీలుకి నూనె పోశారా?"

లోపలనుంచి సత్యవతమ్మ మంచం దిగిన చప్పుడు, చేతికర్ర చప్పుడు, గుమ్మం పట్టుకున్న చప్పుడు. ఎనభై దాటిన మనిషి, నవ్వితే చలపతిరావులాగే ఒక పక్క బుగ్గ లోపలికి పోతుంది. ఇన్నాళ్ళూ, చెరువు గట్టుకి పోయి వచ్చాక కూడా, రీలు ఆవిడ గదిలో బీరువాలోకే చేరేది.

"శనివారం శనివారం పోస్తున్నాగా" అంది, అడగడమే విచిత్రం అన్నట్టు. "ఇవాళ ఇంకా పొయ్యలేదు, నువ్వు పొద్దున్నే పట్టుకుపోయావు."

"ఎవరు పొయ్యమన్నారండీ?"

"ఎవరో చెప్పాలా? వాడు పోసేవాడు కాదూ. నేను వాడికి తలకి పెడుతుంటే, వాడు దీన్ని ఒళ్ళో పెట్టుకుని దీనికి పెట్టేవాడు. వాడు లేడని దీన్ని ఎండగట్టమంటావా?"

"ఆయన పెట్టింది వేరే నూనె. సూది మొనతో, ఒక్క బొట్టు."

"నాకు సూది కనబడుతుందా? ఉద్ధరిణెతో పోశాను. ఒక్క ఉద్ధరిణెడే."

ఉద్ధరిణెడు. తీర్థం పోసినట్టు. వారానికొక ఉద్ధరిణెడు, ఏడాది పొడుగునా. ఆయన గుర్తొచ్చారు, అరవై దాటిన మనిషి, పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని గడప మీద కూర్చుని, వెనక తల్లి మాడు మీద నూనె చరుస్తుంటే తల అటూ ఇటూ ఊగిపోతూ, ఒళ్ళో రీలు మీద సూది మొనని వణకకుండా నిలబెట్టే ప్రయత్నం. ఆ దృశ్యం సీతారత్నం చూసీ చూడనట్టు గిన్నెలు సర్దుకునేది. చూసి ఉండాల్సింది. మగాడికి శనివారం తలంటు అని ఆవిడ, సముద్రానికెళ్ళే రోజు శనివారం అని ఆయన, ఇద్దరికీ కుదిరింది. మధ్యలో రీలు పోయింది. ఇప్పుడు ఈవిడని ఏమని తిట్టాలి? తిట్టాలి, తప్పకుండా తిట్టాలి, నోరు తెరిచింది కూడా. ఫోను మోగింది.

"వదినా" అంది జాయ్సీ, గాలి హోరులో అరుస్తూ, "కైకలూరు దాటేశాం. టీ గీ పెట్టకండి, పోటు తప్పిపోద్ది. రెడీయేగా?"

"రెడీయే" అంది సీతారత్నం.

ఆ కడ్డీలు కడగడానికి పెట్రోలు కావాలి. మందు కొట్టే పంపుకని సీసాలో ఉంచినది ఉంది, దాంట్లో ఆయిలు కలిపి ఉంటుంది, జిడ్డుకి జిడ్డు. కిరసనాయిలు కార్డు మీద ఇవ్వడం మానేసి ఎన్నేళ్ళయిందో. పెరట్లో స్కూటీ ఉంది. పుల్లకి గుడ్డ కట్టి ట్యాంకులో ముంచి, తీసి, గిన్నెలో పిండింది, మళ్ళీ ముంచింది, మళ్ళీ పిండింది. గచ్చు మీద కూర్చుని వన్‌వేని చేతిలోకి తీసుకుంది. గిన్నెలో వెయ్యాలి. వేస్తే ఆ వాసన పోతుంది. వెయ్యకపోతే కారు పోతుంది. ఎవరైనా ఇంత అన్యాయంగా అడుగుతారా ఒక మనిషిని, ఏడాది వెతికించి, దొరికిన పూటే కడిగెయ్యమని? మీరు బతికుండగా నన్ను కారెక్కించుకోలేదు, పోయాక కూడా ఎక్కనివ్వరా, అంది, ఎవరితోనో, గిన్నెతోనే అనుకోవాలి. అని, చెయ్యి వదిలేసింది. టప్ మని మునిగింది. పాత పళ్ళు తోముకునే బ్రష్‌తో ఒక్కొక్క కడ్డీ సందులోనూ రుద్దింది, పసుపు నూనె తీగలు తీగలుగా విడిపోయి, పెట్రోలు రంగు మారింది. ఇంకోసారి పిండి, ఇంకోసారి కడిగింది. ఎండలో పెట్టింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు, కళ్ళు మండే వాసన తప్ప. కళ్ళు మండుతున్నాయి, పెట్రోలుకి మండవూ మరి.

తిరిగి పెట్టడం మొదలెట్టింది. చివరి గుంట నుంచి మొదటి గుంటకి. గేర్లకి గ్రీజు, అగ్గిపుల్లతో. బేరింగులకి సూది బొట్టు, వాపు దిగని వేళ్ళకి సూది నిలవక బొట్టు ఒకటి పక్కన పడింది, తుడిచింది. వన్‌వేని పొడిగానే పెట్టి, గొట్టం దూర్చి, మూత బిగించింది. గిన్నె ఎక్కించింది. నట్టు. ఒక వాషరు తలకిందులైంది, మళ్ళీ విప్పింది. వీధిలో ఏదో బండి వచ్చిన చప్పుడైతే మెడ సాచి చూసింది, మేత లారీ. అంతా అయింది, దారాన్ని స్పూలు మీదికి మళ్ళించే తీగ పట్టీ మాత్రం చచ్చిన పాము తోకలా వేలాడుతోంది. స్ప్రింగు లేదు. అదే లేకపోతే దారం నిలవదు, అంతా బూడిదలో పోసిన పన్నీరు.

గుమ్మం దగ్గర అలాగే నిలబడి ఉన్న సత్యవతమ్మ, కర్ర చివరతో ఆమె మోచేతి వైపు పొడిచింది. "నీ జబ్బకి ఏంటే ఆ ముల్లు? చేప ముల్లా?"

జాకెట్టు చేతి మీద గ్రీజు మరకకి అతుక్కుని ఉంది స్ప్రింగు. ఇల్లంతా పాకిన మనిషి తన ఒంటి మీద చూసుకోలేదు. చెంబు కనబడని కళ్ళకి ఇది కనబడింది. కృతజ్ఞత రావలసిన చోట చిరాకే వచ్చింది సీతారత్నానికి, "ఇందాకటి నుంచీ చూస్తూ చెప్పరేంటండీ" అంది. "నువ్వు అడిగావా?" అంది ముసలావిడ.

స్ప్రింగు పెట్టింది, ఈసారి పంటితో పట్టుకుని. పట్టీ టక్కున మూసుకుంది. స్పూలు ఎక్కించి, మర బిగించి, హ్యాండిలు ముందుకు తిప్పింది. వెన్నలా తిరిగింది. ఇప్పుడు వెనక్కి తిప్పింది.

ఆగింది.

గట్టిగా తిప్పింది. ఆగింది. వాచిన కణుపులు నొప్పెట్టేదాకా నొక్కింది. రాయి. అప్పుడు తల ఎత్తితే, ఎదురుగా అత్తగారు ఒక చేతిలో నూనె గిన్నె, ఒక చేతిలో ఉద్ధరిణె పట్టుకుని, కర్ర గోడకి ఆనించి, మెల్లగా వంగుతోంది. లోపలికి ఎప్పుడెళ్ళింది, ఎప్పుడొచ్చింది?

"ఇలా పట్టు" అంది. "పెట్రోలు కంపు కొడుతోంది. దాని వాసనంతా పోగొట్టేశావు."

ఆ మాటకి సీతారత్నం ఆగిపోయింది. అంటే ఈవిడ కూడా. శనివారం శనివారం బీరువా తలుపు తీసుకుని, ఆ చీకట్లో, ఒక్కర్తే. తను గలీబులు వెతికిన ఏడాదంతా పక్క గదిలో ఈవిడ ఆ వాసనని ఉద్ధరిణెతో పోసి పోసి నిలబెట్టుకుంది, ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే. ఇద్దరూ కలిసి ఏం చేసేవాళ్ళు? ఏమో. ఉద్ధరిణె వణుకుతోంది, అంచున నూనె బొట్టు వేలాడుతోంది, సరిగ్గా రీలు మీదికి. వీధి చివర హారను మోగింది, రైల్వే మనిషి హారను, పొడుగ్గా ఒక్కటే. వద్దండీ అంటే ఈ ముసలి చెయ్యి ఎక్కడికి పోతుంది, ఇంకెవరి మీద పొయ్యాలి ఈ నూనె? రీలుని లాక్కుని సంచి మీద పెట్టేసింది. చిరాకుగా, ముడి ఊడదీసి జుట్టు వెనక్కి విదిలించి, గడప మీద అత్తగారికి వీపు పెట్టి కూర్చుంది.

"ఇటు పెట్టండి."

"నీకెందుకే? ఆడదానికి నిన్న కదా, శుక్రవారం."

"సముద్రానికెళ్ళేవాళ్ళకేగా మీరు శనివారం పెట్టేది. కానివ్వండి, కారొచ్చేసింది."

 వెనక ఉద్ధరిణె గిన్నెలో పడిన చప్పుడు. తరవాత గిన్నెడు నూనె ఒక్కసారిగా మాడు మీద, చల్లగా, చెవుల మీదుగా మెడలోకి. "ఇంత జుట్టేంటే నీకు" అంది సత్యవతమ్మ విసుగ్గా, "వాడికి ఎక్కడ పెట్టినా తగిలేది" అంటూ అరిచెయ్యి చరిచింది. తల అటు ఊగింది, ఇటు ఊగింది. మెంతులు, గుంటగలగర.

జాకబ్ గారు కుంటుకుంటూ లోపలికొచ్చి, గడప మీద ఆ ఇద్దరినీ చూసి ఆగారు. సత్యవతమ్మ చెయ్యి ఆపలేదు. "ఉండు నాయనా, నీ సముద్రం ఎక్కడికీ పోదు" అంది. ఆయన సంచి మీద రీలు తీసుకుని, హ్యాండిలు ముందుకు తిప్పారు. చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి తిప్పారు. అప్పుడు వెనక్కి. ఇంకా గట్టిగా, వెనక్కి. ఆగింది. దాన్ని పట్టుకునే గేటు దాకా వెళ్ళి, కారు వైపు కేకేశారు.

"జాయ్సీ, వెనక సీటు మీద ఐసు పెట్టె తీసి డిక్కీలో పెట్టెయ్."

సీతారత్నం లేవబోయింది. రెండు చేతులతో తల పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టేసింది అత్తగారు.

"కదలకు. ఇంకా మాడుకి ఎక్కలేదు."